ఫిట్స్ మాత్ర ఆపకండి, ఎముకల సంగతి అడగండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 56 ఏళ్ళు. పాతికేళ్ళుగా ఫిట్స్‌కి ఎప్టాయిన్ మాత్రలు రోజుకి మూడు వాడుతున్నారు. ఆరేళ్ళుగా ఫిట్స్ రాలేదు. దసరాకి ముందు నూతి దగ్గర కాలు జారి చెయ్యి ఆనించారు, మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు ఎముక బాగా పలచబడిందన్నారు. విశాఖలో ఉండే మా మరిది ఫోన్‌లో ఏదో చదివి, ఫిట్స్ మందులు ఎముకల్ని తినేస్తాయని న్యూయార్క్‌లో ఒక లేడీ డాక్టరు పరిశోధన చేసి తేల్చారని చెప్పాడు. అది విన్నప్పటి నుంచి అత్తగారు మాత్ర ముట్టడం లేదు. ఇవాళ్టికి నాలుగు రోజులైంది. "ఫిట్స్ ఎలాగూ రావట్లేదు కదా, ఇంకెందుకు" అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మా మరిది చెప్పింది నిజమేనా? మా ఆడపడుచు కూతురికి 17 ఏళ్ళు, తను వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడుతోంది. ఆ పిల్ల చేత కూడా ఆపించెయ్యాలా?
– ఒక కోడలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మిగతాది తర్వాత చదువుదురు గాని, ముందు ఆ మందు రాస్తున్న డాక్టరు గారికి ఫోన్ చెయ్యండి. ఆయనతో మాట్లాడి, మీ అత్తగారి చేత ఇవాళే మాత్ర మొదలుపెట్టించండి. రోజూ వేసుకునే మోతాదే వేసుకోవాలి. మానేసిన నాలుగు రోజులవీ కలిపి వేసుకోకూడదు. ఆయన దొరక్కపోతే పాత చీటీ పట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఈ లోపల ఆవిణ్ణి ఒంటరిగా నూతి దగ్గరికి, పొయ్యి దగ్గరికి పంపకండి. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకోవద్దని చెప్పండి.

ఇంత తొందర ఎందుకంటే, ఏళ్ళ తరబడి వాడిన మందు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ మళ్ళీ రావడమే కాదు, ఒకదాని వెనక ఒకటి ఆగకుండా రావచ్చు. మధ్యలో తెలివి కూడా రాదు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది మొదలైనా 108కి ఫోన్ చెయ్యాలి. ఫిట్ వచ్చినప్పుడు పక్కకి ఒత్తిగిలేలా తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలగుత్తి పెట్టకండి, కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టకండి. ఎముక పలచబడ్డ మనిషిని ఫిట్‌లో అదిమి పట్టుకుంటే ఆ పట్టుకే ఎముక విరగవచ్చు. పెద్ద ఫిట్‌లో కండరాలు బిగుసుకునే బలానికి ఎవరూ ముట్టుకోకపోయినా వెన్నుపూసలు నొక్కుకుపోతాయి, భుజం కీలు తప్పుతుంది. ఎముకల కోసమని మాత్ర మానేసిన మీ అత్తగారికి ఎక్కువ ముప్పు ఆ ఎముకలకే.

ఆరేళ్ళుగా ఫిట్స్ రాలేదు కాబట్టి ఇక మందు అక్కర్లేదని ఆవిడకి అనిపించడం సహజం. దీని మీద బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పెద్ద పరీక్షే చేసింది, ఫలితాలు 1991లో వచ్చాయి. రెండేళ్ళ పాటు ఫిట్స్ రాని వెయ్యి మందికి పైగా తీసుకుని, సగం మందికి మందు కొనసాగించారు, సగం మందికి నెలల తరబడి నెమ్మదిగా తగ్గించి ఆపారు. మరో రెండేళ్ళకి చూస్తే, కొనసాగించిన వాళ్ళలో 78 శాతం మందికి ఫిట్స్ లేవు. ఆపిన వాళ్ళలో అలా ఉన్నది 59 శాతం. అంటే కొందరికి మందు నిజంగానే ఆపవచ్చు, దాని గురించి డాక్టరుతో మాట్లాడే హక్కు మీ అత్తగారికి ఉంది. అయితే ఆ మాట డాక్టరు ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. నెమ్మదిగా ఆపినా ఇంతమందికి తిరగబెట్టినప్పుడు, రాత్రికి రాత్రి ఆపేస్తే ఏమవుతుందో ఆవిడకి చెప్పండి.

ఇక మీ మరిది చదివిన సంగతి. అతను చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం చాలా ముఖ్యమైనది. అతను విన్నది బహుశా న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ న్యూరాలజిస్టు అలిసన్ ప్యాక్ గురించి అయ్యుంటుంది. మూర్ఛ మందులు వాడే ఆడవాళ్ళ ఎముకలు ఏమవుతున్నాయన్న ప్రశ్న మీద ఆవిడ ఏళ్ళ తరబడి పనిచేశారు. 2008లో ఆవిడ బృందం ప్రచురించిన ఒక అధ్యయనం చెబుతాను. నెలసరి ఆగని వయసులో ఉండి, ఒక్కటే మూర్ఛ మందు వాడుతున్న స్త్రీలను తీసుకున్నారు. కొందరు ఫినటాయిన్, కొందరు కార్బమాజపిన్, కొందరు వాల్‌ప్రోయేట్, కొందరు లామోట్రిజిన్. మీ అత్తగారి ఎప్టాయిన్ అంటే ఫినటాయినే. ఏడాది తర్వాత మళ్ళీ స్కాన్ చేస్తే, ఫినటాయిన్ వాడుతున్న వాళ్ళకి తుంటి దగ్గర తొడ ఎముక మెడ భాగంలో సాంద్రత 2.6 శాతం తగ్గింది. మిగిలిన మూడు మందుల వాళ్ళలో ఆ ఏడాదిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెలసరి ఆగాక ఆడవాళ్ళకి మామూలుగానే ఏడాదికి ఒకటి రెండు శాతం ఎముక తరుగుతుంది. ఆ తరుగు కన్నా ఎక్కువ, వయసులో ఉన్న ఆడవాళ్ళలో, ఒక్క ఏడాదిలో కనిపించింది. మీ అత్తగారి ఎముకల మీద పాతికేళ్ళ ఫినటాయిన్, నెలసరి ఆగడం, రెండూ పడ్డాయి.

ఈ అనుమానం అంతకు ముందు నుంచీ ఉంది. ఫినటాయిన్ మూర్ఛకి పనిచేస్తుందని 1938లో తెలిసింది. 1970లో లండన్‌లో చార్లెస్ డెంట్, ఆయన సహచరులు ఏళ్ళుగా మూర్ఛ మందులు వాడుతున్న వాళ్ళలో ఎముకలు మెత్తబడిపోవడం గురించి రాశారు. తర్వాత ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జాన్ వార్క్ బృందం తెలివైన పని చేసింది. ఒకరు మూర్ఛ మందు వాడుతూ, ఒకరు వాడని కవలల్నీ తోబుట్టువుల్నీ పోల్చి చూశారు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంటి తిండి తిన్నవాళ్ళు కాబట్టి తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తేల్చడం తేలికైంది. రెండేళ్ళకి మించి మందు వాడిన వాళ్ళలో, అందులోనూ 40 దాటిన వాళ్ళలో, ఎముక సాంద్రత తక్కువగా తేలింది. 2009లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఫినటాయిన్, కార్బమాజపిన్, ప్రిమిడోన్, వాల్‌ప్రోయేట్ దీర్ఘకాలం వాడే వాళ్ళ ఎముకల మీద కన్నేసి ఉంచాలని డాక్టర్లకి చెప్పింది.

ఈ పరిశోధకుల్లో ఎవరూ మందు మానెయ్యమని చెప్పలేదు. ఎముకని కొలవండి, విటమిన్ డి చూడండి, వీలైన చోట ఎముకకి తక్కువ హాని చేసే మందు ఎంచుకోండి అన్నారు. మీ మరిది చదివిన దాంట్లో ఈ రెండో సగం లేదు, లేదా అతని కళ్ళు అక్కడిదాకా వెళ్ళలేదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. 2001లో అమెరికాలో న్యూరాలజిస్టులనే అడిగి చూశారు, ఈ మందులు వాడే వాళ్ళ ఎముకల పరీక్షలు చేయిస్తున్నారా అని. పెద్దవాళ్ళకి వైద్యం చేసేవాళ్ళలో చేయిస్తున్నామన్నది 28 శాతం. ముందు జాగ్రత్తగా కాల్షియం, విటమిన్ డి రాస్తున్నామన్న వాళ్ళు పది శాతం కూడా లేరు. అక్కడే అలా ఉంటే, మన వైపు నెలకోసారి కౌంటర్ దగ్గర చీటీ చూపించి మాత్రల పొట్లం తీసుకుని వచ్చేసే వాళ్ళకి ఈ మాట ఎవరు చెబుతారు? పాతికేళ్ళలో ఒక్కరైనా మీ అత్తగారికి కాల్షియం సంగతి ఎత్తి ఉంటే ఆ మణికట్టు విరిగేది కాదేమో. అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే అడగండి.

అసలు మందుకీ ఎముకకీ సంబంధం ఏమిటంటే, ఫినటాయిన్, ఫినోబార్బిటోన్, కార్బమాజపిన్ లాంటివి లివర్‌లో కొన్ని ఎంజైముల పని వేగం పెంచుతాయి. ఆ ఎంజైములు విటమిన్ డిని కూడా త్వరత్వరగా విరగ్గొట్టి పారేస్తాయి. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు, ఎండ నుంచీ తిండి నుంచీ వచ్చింది నిలవదు. డి తగ్గితే పేగుల నుంచి కాల్షియం సరిగ్గా ఒంటికి పట్టదు. రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. వాల్‌ప్రోయేట్ ఈ దారిలో పనిచెయ్యదు, దాని వల్ల జరిగే హానికి కారణాలు వేరే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అనుమానం కలిగించిన చోటుకి వస్తాను. ఆవిడ నూతి దగ్గర కాలు జారారన్నారు. నిజంగా నాచు మీద జారారా, లేక ఈ మధ్య నడకలో తూలుతున్నారా? ఫినటాయిన్ రక్తంలో కాస్త ఎక్కువైతే మనిషి తాగినట్టు తూలతారు, మాట ముద్దగా వస్తుంది, చూపు రెండుగా కనిపిస్తుంది. ఈ మందుకి ఒక గుణం ఉంది. ఒక హద్దు వరకు లివర్ దాన్ని బాగానే ఖర్చు చేస్తుంది. ఆ హద్దు దాటాక మోతాదు కొంచెం పెరిగినా రక్తంలో మందు చాలా పెరిగిపోతుంది. కొత్తగా ఇంకో జబ్బుకి మొదలుపెట్టిన మందు వల్ల కూడా పెరగవచ్చు. ఎముక బలహీనమైన మనిషి తూలితే విరగడానికి ఎంతసేపు? అందుకని ఈ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి, కావాలంటే ఆయన రక్తంలో ఫినటాయిన్ ఎంత ఉందో పరీక్ష రాస్తారు. దీని గురించి మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళు ఇంకో జాగ్రత్త కూడా పడాలి. ఒక నెల ఒడిశా ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు, ఇంకో నెల పాతపట్నంలో కొన్నవి, మరోసారి విశాఖ నుంచి మరిది పంపినవి, ఇలా కంపెనీ మారుతుంటే ఫినటాయిన్ విషయంలో తేడా రావచ్చు. వీలైనంత వరకు ఒకే కంపెనీ మాత్ర వాడండి. మార్చాల్సి వస్తే డాక్టరుకి చెప్పి మార్చండి.

పరీక్షలు పెద్దవేమీ కావు. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి చేయించండి. ఎముక సాంద్రతకి డెక్సా స్కాన్. అది ప్రతి ఊళ్ళోనూ ఉండదు, బరంపురమో విశాఖో వెళ్ళినప్పుడు ఎక్కడ చేస్తారో కనుక్కోండి. రిపోర్టులో టి-స్కోరు అని ఉంటుంది. మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు. 56 ఏళ్ళ మనిషి నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగిందంటే, స్కాన్ చేతికి రాకముందే డాక్టరు దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. ఇంకొక్కటి ఇంట్లోనే గమనించండి. కింద కూర్చుని లేవడానికి, మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతున్నారా, తొడల్లో నొప్పి అంటున్నారా? అవును అయితే, గుల్లబారడం ఒక్కటే కాకుండా విటమిన్ డి లేక ఎముక మెత్తబడడం కూడా ఉండవచ్చు. అది డి సరిగ్గా ఇస్తే బాగా తేరుకునే జబ్బు.

విటమిన్ డి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన దగ్గర ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఈ మందులు వాడే వాళ్ళకి మామూలు మోతాదు సరిపోకపోవచ్చు. లెబనాన్‌లోని బీరూట్‌లో చేసి, 2006లో ప్రచురించిన పరీక్షలో మూర్ఛ మందులు వాడుతున్న పెద్దవాళ్ళకి ఏడాది పాటు కొందరికి రోజుకి 400 యూనిట్లు, కొందరికి 4,000 యూనిట్లు ఇచ్చారు. 4,000 తీసుకున్న వాళ్ళకి ఎముక సాంద్రత పెరిగింది, 400 తీసుకున్న వాళ్ళకి పెరగలేదు. మందు వాడుతూనే ఎముకని తిరిగి కూడగట్టుకోవచ్చని మీ అత్తగారికి చెప్పడానికి ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు. అయితే మన షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల సాషేలు, క్యాప్సూల్స్ వారానికి ఒకటి చొప్పున, డాక్టరు చెప్పినన్ని వారాలే వేసుకోవాలి. అది రోజువారీ మాత్ర అనుకుని రోజూ మింగి, కాల్షియం పెరిగిపోయి, వాంతులతో, కిడ్నీ దెబ్బతిని ఆసుపత్రికి వచ్చిన వాళ్ళున్నారు. చీటీ మీద వారానికి అని తెలుగులో పెద్ద అక్షరాలతో మీరే రాసిపెట్టండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసింది ఇంట్లో అందరికీ అర్థం కాదు.

కాల్షియం మాత్రనీ ఫినటాయిన్‌నీ కలిపి వేసుకోవద్దు. కాల్షియం పక్కనుంటే ఫినటాయిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్‌కీ ఇదే లెక్క. ఎముకల కోసం మొదలుపెట్టిన మాత్ర వల్లే ఫిట్ వచ్చిందని తర్వాత అనుకోకూడదు కదా.

నెలసరి ఆగిన స్త్రీకి రోజుకి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అదృష్టం కొద్దీ మీ ప్రాంతంలో దాన్ని వెతుక్కోనక్కర్లేదు. చోడిపిండి (రాగిపిండి) నూరు గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది. పొద్దున్నే చోడి అంబలి, మీ చుట్టుపక్కల ఒడియా వాళ్ళు తాగే మాండియా జావ అదే. అందులో గ్లాసెడు మజ్జిగ కలపండి. ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా తింటే ఆ ముల్లులో కాల్షియం దండిగా ఉంటుంది. కానీ ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే బాగా కడిగి వండండి. నువ్వులు, మునగాకు ఉండనే ఉన్నాయి. ఎండలో పది నుంచి మూడు గంటల మధ్య అరగంట, చేతులూ పాదాలూ కప్పుకోకుండా కూర్చోబెట్టండి. వడియాలో అప్పడాలో ఎండబెట్టే పని ఆవిడకే అప్పగించండి. వంటింటి కిటికీ అద్దంలోంచి పడే ఎండ డి తయారుచెయ్యదు.

మందు మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చేమో. మార్చమని అడగడానికి ఎముక విరగడం మంచి కారణమే. లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ లాంటివి లివర్ ఎంజైములను అలా రెచ్చగొట్టవు. కానీ ఆరేళ్ళుగా ఫిట్స్ రాకుండా కాపాడుతున్న మందుని మార్చడంలో ఒక రిస్కు ఉంది. కొత్తది మొదలుపెట్టి, అది పూర్తి మోతాదుకి చేరాక, పాతదాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఇది న్యూరాలజిస్టు చెయ్యాల్సిన పని. ఫినటాయిన్ ఆగాక లివర్ వేగం తగ్గుతుంది, అప్పుడు ఆవిడ వేరే మందులు ఏమైనా వాడుతుంటే వాటి మోతాదు కూడా సరిచూడాలి. అందుకని బీపీ, షుగరు, థైరాయిడ్, ఏ చీటీ ఉన్నా అన్నీ తీసుకెళ్ళండి. డెక్సాలో ఎముక బాగా గుల్లబారిందని వస్తే అలెండ్రోనేట్ లాంటి ఎముకల మందు రాయవచ్చు. అది మొదలుపెట్టే ముందు విటమిన్ డి సరిచెయ్యాలి. అలెండ్రోనేట్ పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు. ఫినటాయిన్ వాడేవాళ్ళకి చిగుళ్ళు వాచడం మామూలే కాబట్టి, దానికి ముందు పళ్ళ డాక్టరుకీ ఒకసారి చూపించండి.

మీ ఆడపడుచు కూతురి విషయంలో కూడా అదే మొదటి మాట, ఎవరూ ఆపించకండి. కానీ ఆ పిల్లని న్యూరాలజిస్టుకి చూపించడం వాయిదా వెయ్యొద్దు. దానికి ఎముకలు ఒక కారణమే. ఇరవైల దాకా ఎముక బలం కూడబెట్టుకునే వయసు, ఇప్పుడు పాలు, చోడి, ఎండ, ఆటలు తగ్గితే తర్వాత పూడ్చుకోవడం కష్టం. అంతకన్నా పెద్ద కారణం ఉంది. వాల్‌ప్రోయేట్ వాడుతుండగా గర్భం వస్తే పుట్టే పిల్లల్లో సుమారు నూటికి పదిమందికి అవయవ లోపాలు ఉండవచ్చు. నూటికి ముప్పై నలభై మందిలో మాట, చదువు, ఎదుగుదల వెనకబడవచ్చు. ఆడపిల్లకి వేరే మందు పనిచేసే అవకాశం ఉంటే ముందుగానే మార్చాలని ప్రపంచమంతా డాక్టర్లు చెబుతున్నారు. కొందరికి వాల్‌ప్రోయేట్ ఒక్కటే పనిచేస్తుంది, అలాంటప్పుడు ఏం చెయ్యాలో కూడా వాళ్ళే చెబుతారు. ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆ రోజే అడగండి.

పెళ్ళి సంబంధాల భయంతో ఆ పిల్ల చేత మందు దాచిపెట్టి వాడించడం, పెళ్ళయ్యాక అత్తవారింట్లో తెలుస్తుందని మానిపించడం మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం. అలా మానేసి నూతి గట్టు మీదో పొయ్యి దగ్గరో ఫిట్ వచ్చి ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఆడపిల్లలు ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్ళికి అడ్డంగా ఉండేది, 1999లో ఆ మాటని చట్టం నుంచి తీసేశారు. ఈ సంగతి మీ ఆడపడుచుకి చెప్పండి. సంబంధం చూడటం మొదలుపెట్టక ముందే న్యూరాలజిస్టుని కలవమనండి. మీ అత్తగారిని తీసుకెళ్ళే రోజే ఆ పిల్లని కూడా తీసుకెళ్తే ఒక్క ప్రయాణంతో రెండు పనులూ అవుతాయి.